అరటిపెట్టెలో వచ్చిన కప్ప

అథోల్ బర్నెల్ పొలంలోంచి వాగులోకి దిగాలంటే ఎవరైనా సరే ముందు బూట్లు కడుక్కోవాల్సిందే. గేటు స్తంభం దగ్గర ఒక బకెట్టు, అందులో మందు కలిపిన నీళ్ళు, పక్కన గట్టి కుచ్చు బ్రష్షు, కూర్చోవడానికి బోర్లించిన పాత పాలక్యాను. గాలం పట్టుకుని చేపలకు వచ్చేవాళ్ళు, తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ వచ్చే పక్క రైతులు, ఆఖరికి చర్చి పాస్టరు, ఎవరికీ మినహాయింపు లేదు. మడమ కింద గీతల్లో ఇరుక్కున్న మట్టి కూడా పోవాలి. పోయిందో లేదో అథోల్ వంగి మరీ చూస్తాడు.

"పెళ్ళైన నలభై ఏళ్ళలో మా ఆవిడ నాచేత ఇన్నిసార్లు బూట్లు కడిగించలేదురా," అంటాడు నెవిల్. నెవిల్‌ది అవతలి గట్టు. గొర్రెలు పెంచుతాడు. అథోల్‌తో కలిసి బడికి వెళ్ళినవాడు, ఆ చనువును అరవై ఆరేళ్ళొచ్చినా వదలనివాడు.

"అందుకే మీ ఇల్లు అలా తగలడింది. ఎడమది మళ్ళీ కడుగు."

"ప్లాటిపస్ పోలీసు! జైలు కూడా కట్టించకపోయావా?"

ఆ పేరు ఊళ్ళో అందరి నోటా పడింది. టాస్మానియా దీవిలో ఆ కొండల కింద పాడి ఉన్న ప్రతి పొలానికీ ఒక వాగు ఉంటుంది, ప్రతి వాగుకూ బాతుమూతి, బొచ్చు ఒళ్ళు ఉన్న నీటిజంతువులు, ప్లాటిపస్సులు, రెండో మూడో ఉంటాయి. వాటంటే అందరికీ ముద్దే. కానీ వాటి కోసం చలిలో గట్టున కూర్చునేంత తీరిక ఎవరికీ లేదు. అథోల్ కూర్చుంటాడు. నూట నలభై ఆవుల పాలు పితికి, షెడ్డు కడిగి, ఫ్లాస్కులో టీ పోసుకుని వాగు దగ్గరకు వెళ్ళిపోతాడు. నీటి మీద బాతుమూతి ఒకటి తేలి, గుండ్రంగా అల లేచి, మళ్ళీ మునిగితే, ఆ మునిగింది ఏ వైపు ఈదింది, ఒంటి మీద ఎక్కడైనా మచ్చ కనిపించిందా అని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాడు. అలా పదకొండు పుస్తకాలు నిండాయి.

అంత ప్రేమ ఏమిటో ఆ జంతువులంటే, అనుకునేవారు చూసినవాళ్ళు. ప్రేమ లేకపోలేదు. కానీ అథోల్‌ను చలిలో కూర్చోబెట్టింది ప్రేమ కాదు, భయం. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

ఇరవై ఏళ్ళ వయసులో అథోల్ టౌనులో పళ్ళ దుకాణంలో పనిచేసేవాడు. వెనక గదిలో బస్తాలు దించడం, కుళ్ళినవి ఏరడం, పెట్టెలు విప్పడం. సముద్రం అవతల క్వీన్స్‌లాండ్ నుంచి అరటిపళ్ళు వచ్చేవి. ఆ పెట్టెలు విప్పుతుంటే అప్పుడప్పుడూ గెల అడుగున అతుక్కుని ఒక కప్ప ఉండేది. బొటనవేలంత. లేత ఆకులా పచ్చగా, బంగారు రంగు కళ్ళతో. ఎండ దేశం నుంచి ఆ చల్లటి పెట్టెలో అంత దూరం వచ్చి కూడా చావకుండా, మూత తీయగానే మనిషి వంక చూసేది. ఏ పళ్ళ దుకాణంలోనైనా ఇదే కథ. పిల్లలు బడి వదలగానే వచ్చి, "ఈ వారం కప్ప వచ్చిందా?" అని అడిగేవారు. కొందరు జాడీల్లో పెంచేవారు. దుకాణం యజమాని మాత్రం, చెత్తడబ్బాలో పడెయ్యి అనేవాడు.

ఒక శనివారం వచ్చిన కప్పను అథోల్ పడెయ్యలేకపోయాడు. తడిపిన లెట్యూస్ ఆకులో చుట్టి, తన భోజనం రేకుడబ్బాలో పెట్టాడు. ఆ సాయంత్రం గ్లెనిస్‌తో షికారుకు వెళ్ళాల్సి ఉంది. ఈ పొలం అప్పట్లో గ్లెనిస్ వాళ్ళ నాన్నది. ఇద్దరూ నడుచుకుంటూ కర్రవంతెన దాకా వచ్చాక, అథోల్ కిందకు దిగి, తుంగలో వంగి, డబ్బా మూత తీశాడు. "పో నాయనా, బతుకు పో," అన్నాడు. కప్ప ఒక్క గెంతు గెంతి నీళ్ళలో పడింది.

జూన్ అంటే అక్కడ నడిచలికాలం, ఆ నీళ్ళలో చెయ్యి పెడితే మొద్దుబారిపోతుంది. ఎండ దేశపు కప్ప అందులో ఎన్ని రోజులు బతుకుతుందన్న ఆలోచనే రాలేదు అతనికి. జాలి పుట్టినంత తొందరగా బుద్ధి పుట్టదు ఆ వయసులో.

తర్వాత గ్లెనిస్‌ను పెళ్ళి చేసుకున్నాడు, ఆవుల పనిలోకి వచ్చాడు, దుకాణాన్నీ కప్పనూ మరిచిపోయాడు. ఇరవై ఏళ్ళు గడిచాక ఒక శీతాకాలం రైతుల హాల్లో సమావేశం జరిగింది. వన్యప్రాణుల శాఖ నుంచి వచ్చిన ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. బొమ్మలో ప్లాటిపస్. తోక మీద, వెనక కాళ్ళ మీద పుండ్లు. గుంటలు పడి, అంచులు ఎర్రగా ఉబ్బి, మండే చుట్టతో కాల్చినట్టున్నాయి. బొచ్చు పోయిన చోట చలి ఒంట్లోకి దూరి అవి చచ్చిపోతున్నాయట. బూజు జబ్బు. ఆ బూజు అసలు సముద్రం అవతల కప్పల్లో ఉండేది. ఇవతలికి ఎలా వచ్చిందో ఎవరికీ గట్టిగా తెలియదు, కానీ అరటిపెట్టెల్లో వచ్చే పచ్చ కప్పలతో వచ్చిందేమోనని ఒక అనుమానం ఉంది, అన్నాడాయన.

హాల్లో అందరూ నవ్వారు, అరటిపెట్టెల మాట విని. అథోల్ నవ్వలేదు. అతని చేతిలో సగం కొరికిన స్కాలప్ పై, అంటే ఆల్చిప్పమాంసం కూరిన రొట్టె, ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూస్తూ కూర్చున్నాడు. పక్కనే ఉన్న గ్లెనిస్ వైపు తల తిప్పే ధైర్యం రాలేదు. ఆ రోజు వంతెన మీద ఆవిడ కూడా ఉంది కదా! ఇంటికి వెళ్ళే దారి పొడుగునా గ్లెనిస్ హాల్లో హీటరు పనిచేయలేదనే మాట్లాడింది, కప్పల ఊసే ఎత్తలేదు. ఆవిడకు గుర్తొచ్చింది, నా పరువు కాపాడటానికి ఊరుకుంది, అనుకున్నాడు అథోల్. అంతకంటే గొప్ప భార్య ఎవరికి దొరుకుతుంది, అనీ అనుకున్నాడు. దాంతో నోరు ఇంకా మూతపడిపోయింది.

బకెట్టు ఆ వారమే వెలిసింది. జబ్బు అప్పటికి కొండ అవతలి నదుల్లో ఉంది, ఈ వాగులో లేదు. కానీ ఇక్కడ చేపలు పట్టినవాళ్ళే అక్కడా పడతారు. ఇక్కడి బురద వాళ్ళ బూట్లకంటుకుని అక్కడికి వెళ్ళి ఉండదని ఏమిటి? ఇక్కడ అడుగున బురదలో బూజు ఒదిగి కూర్చుని, ఎప్పుడో ఒకప్పుడు లేవదని ఏమిటి? ప్రతి ఏడూ పరీక్ష చేసేవాళ్ళు వచ్చి, వాగు బాగుందని చెప్పి వెళ్ళేవారు. అథోల్‌కు మాత్రం అది వాయిదా పడిన తీర్పులాగే వినిపించేది. అలా ఇరవై నాలుగేళ్ళు.

మొన్న అక్టోబరులో, పొద్దున తొమ్మిదింటికి, ఒక ప్లాటిపస్ వాగుకు అడ్డంగా పడిన దుంగ మీదకు ఎక్కింది. ఎక్కడంలోనే తేడా ఉంది, ఒక కాలు ఈడుస్తోంది. దుంగ మీద ఒరిగి, గోళ్ళతో తోక మొదట్లో గోక్కుంది. గోకిన చోట బొచ్చు లేదు. ఎర్రగా, తడిగా పుండు.

అథోల్ ఫ్లాస్కు మూతలోని టీ చల్లారిపోయింది. జంతువు మునిగిపోయాక కూడా చాలాసేపు దుంగనే చూస్తూ నిలబడి, ఆ తర్వాత ఇమొజెన్‌కు ఫోన్ చేశాడు. ఇమొజెన్ పశువైద్యురాలు, ప్లాటిపస్సుల మీద పనిచేస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఈ వాగును పరీక్షిస్తున్నది ఆ అమ్మాయే.

"ఎంత వెడల్పుంది?" అని అడిగింది.

"ఇరవై సెంట్ల బిళ్ళంత."

"అంచులు ఉబ్బాయా?"

"ఉబ్బినట్టే ఉన్నాయమ్మాయ్."

"రేపు మధ్యాహ్నం వస్తాను. మీరు నీళ్ళలోకి దిగకండి అథోల్. మీరు దిగుతారని నాకు తెలుసు."

మర్నాడు ఆమె వచ్చి, గేటు దగ్గర పాలక్యాను మీద కూర్చుని, చెప్పించుకోకుండానే బూట్లు తోమింది. వాగు ఇరుకైన చోట గొట్టం వల కట్టారు. నీటి అడుగున దారి తప్పించి సంచిలోకి మళ్ళించే వల అది, పైభాగం నీళ్ళకు పైన ఉంటుంది కనుక పడిన జంతువుకు ఊపిరాడుతుంది. కట్టి, గట్టున కూర్చున్నారు. అవతలి గట్టున నెవిల్ ప్రత్యక్షమయ్యాడు.

"ముద్దాయి దొరికాడా?"

"నోరు ముయ్యరా, బెదురుతుంది."

"పేరేం పెట్టావు దానికి?"

"పేర్లు పెట్టను."

"ఔనులే, పోలీసులు ఖైదీలకు నంబర్లే ఇస్తారు."

ఇంకా వెలుతురు ఉండగానే వల కదిలింది. ఇమొజెన్ తోక పట్టుకుని ఎత్తి, "మగది, ముల్లుంది, దూరం!" అంది. మగ ప్లాటిపస్ వెనక కాళ్ళకు విషపు ముళ్ళుంటాయి, గుచ్చితే మనిషి చెయ్యి వారాల తరబడి పనికిరాదు. గుడ్డసంచిలో దాన్ని ఒద్దికగా పెట్టి, తోక మొదలు బయటకు తీసి, బొచ్చు పక్కకు తోసి చూసింది. అథోల్ పుండును చూడలేదు, ఆ అమ్మాయి మొహం చూశాడు.

"చెప్పు."

"చెప్పలేను. ఇది మగవి పోట్లాడుకునే కాలం. ముల్లు పోటు కావచ్చు, మధ్యలో లోతుగా ఉంది. కానీ అంచులు చూస్తే బూజులాగానూ ఉంది. చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపిస్తాను. మూడు వారాలు."

"మూడు వారాలా?"

"బూజు పెరగాలి కదా అథోల్, అది మన మాట వినదు."

జంతువును వదిలేసింది. నీళ్ళు ఒక్కసారి తిరిగి సర్దుకున్నాయి. ఇది బూజే అయితే ఈ వాగులోకి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు అని అడుగుదామని అథోల్ నోరు తెరిచాడు. జవాబు తన దగ్గరే ఉందనిపించి, మూసుకున్నాడు.

మొదటి వారం గడిచింది. రెండో వారం మధ్యలో, పాలు పితికే షెడ్డులో, అతను ఒకే ఆవుకు రెండోసారి గొట్టాలు తగిలించబోతుంటే గ్లెనిస్ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఇప్పుడే పితికాం. అదే నీకేసి వింతగా చూస్తోంది. ఏమైంది నీకు?"

"నీకు తెలుసు కదా."

"తెలిస్తే అడుగుతానా?"

"వంతెన కింద. కప్ప."

"ఏ కప్ప?"

అథోల్ గొట్టాలు కొక్కేనికి తగిలించాడు. "నన్ను ఏడిపించకు గ్లెనిస్. అరటిపెట్టెలో వచ్చిన కప్ప. నేను వదిలినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు."

గ్లెనిస్ ఏళ్ళు వెనక్కి లెక్కపెట్టుకుంది. యంత్రం టకటకమంటోంది. "నా తెల్ల చెప్పులు బురదలో కూరుకుపోయిన రోజా? మా నాన్న తిట్టాడు, ఆ రోజేనా?"

"అదే."

"నువ్వు కిందకు దిగి తుంగలో వంగావు. వాంతి చేసుకుంటున్నావనుకున్నాను. అంతకు ముందే హోటల్లో రెండు పైలు తిన్నావు కదా. చూస్తే సిగ్గుపడతావని అటు తిరిగి నిలబడ్డాను."

"నువ్వు చూడలేదా?"

"మర్యాద తెలిసినదాన్ని. చూడలేదు."

అప్పుడు చెప్పాడు, అంతా. దుకాణం దగ్గర్నుంచి హాల్లో బొమ్మల దాకా, బకెట్టు దాకా, దుంగ మీద పుండు దాకా. ఇరవై నాలుగేళ్ళుగా నువ్వు నన్ను క్షమించి ఊరుకున్నావనుకున్నాను, అన్నాడు.

"నిన్ను క్షమించాల్సినవి నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, కప్ప వాటిలో లేదు," అంది గ్లెనిస్. అంతలో ఆవిడకు ఇంకేదో తట్టింది. కళ్ళు చిన్నవయ్యాయి. "ఆగు. హాల్లో ఆ సమావేశమైనప్పటి నుంచీ అరటిపండు ముట్టలేదు నువ్వు, పడదన్నావు. కడుపులో మంటన్నావు."

అథోల్ ఆవు వైపు చూశాడు.

"నిన్ను టౌనుకు తీసుకెళ్ళాను! కెమెరా గొట్టం మింగించారు నీచేత!"

"మింగాను."

"అంత గొట్టం మింగావు గానీ ఒక్క మాట కక్కలేకపోయావా?"

ఆవిడ నవ్వింది, ఆపుకోలేక పాలగొట్టం పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఆ అమ్మాయికి చెప్పు. ఇప్పుడే. మనసు మార్చుకునేలోపల."

ఇమొజెన్ మొత్తం విన్నది. ఏ వంతెన, ఏ ఏడు, కప్ప చురుగ్గా ఉందా నీరసంగా ఉందా, అని అడిగింది. ఆ తర్వాత అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఈ మాట తొమ్మిదేళ్ళ కిందట చెప్పి ఉంటే, తొమ్మిదేళ్ళ కిందటే మిమ్మల్ని నిద్రపోనిచ్చేదాన్ని," అంది చివరికి. "ఆ వంతెన కింద ఎన్ని జంతువుల్ని పట్టామో తెలుసా? నాకంటే ముందువాళ్ళూ పట్టారు. ఒక్కదానికీ లేదు. బూజు మీ కప్పతో వచ్చి ఉంటే, అది ముందు దిగేది ఈ వాగులోనే కదా? కొండ అవతలి వాటికి వచ్చేముందు మీ ఇంటి ముందరి వాటికి రావాలి. ఇల్లు వదిలేసి ఊరెలా తగలబడుతుంది?"

"మరి ఈ పుండు?"

"అదే. ఈ పుండు బూజని తేలితే నేనిప్పుడు చెప్పినదంతా వెనక్కి తీసుకోవాలి. మీతో అబద్ధం ఆడను."

మిగిలిన తొమ్మిది రోజులూ తొమ్మిది ఏళ్ళలాగే నడిచాయి. అయితే ఇప్పుడు వాటిని ఇద్దరు మోస్తున్నారు. పొద్దున వాగు గట్టుకు గ్లెనిస్ కూడా వచ్చి కూర్చుంది, చలికి తిట్టుకుంటూ.

పదో రోజు అథోల్ ట్రాక్టరుకు ట్రాలీ తగిలిస్తుంటే, ఇంటి వైపు నుంచి గ్లెనిస్ పరుగెత్తుకుంటూ రావడం కనిపించింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ పరుగెత్తగా ఎవరూ చూడలేదు. ఫోన్ చెయ్యెత్తి పట్టుకుని వస్తోంది, నీళ్ళ గ్లాసు తొణకకుండా తెస్తున్నట్టు.

"బూజు లేదు," అంది ఇమొజెన్ ఫోనులో. "ముల్లు పోటే. పోటు పడిన చోట మామూలు చీము పట్టింది. బూజు ఆనవాలు కూడా లేదు. వాగు శుభ్రంగా ఉంది."

"మళ్ళీ చెప్పు."

"బూజు లేదు అథోల్."

"ఇంకోసారి చెప్పమ్మా, గ్లెనిస్ వింటుంది."

ఆమె మూడోసారీ చెప్పింది. అథోల్ మోకాళ్ళు తమ పని మానేశాయి. ట్రాలీ ఇనుపకడ్డీ మీద కూర్చుండిపోయాడు. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, గట్టిగా ముక్కు చీదాడు. ఆ జంతువు బతుకుతుందా, అని అడిగాడు. మొన్న పై మడుగులో చూశానని, పుండు మానుతోందని, కాలు కూడా సరిగ్గానే వేస్తోందని ఇమొజెన్ చెప్పింది. ఆ తర్వాత కాస్త మొహమాటంగా అంది, "మీ కప్ప సంగతి నా కాగితాల్లో రాసుకోవచ్చా? ఏ కప్ప ఎక్కడ వదిలారో, అక్కడ ఏం జరగలేదో, అది కూడా మాకు కావాలి. మీ పేరు లేకుండానే రాస్తాను."

"పేరు పెట్టే రాయమ్మాయ్. నేనే వదిలాను."

"ఇంకెవరైనా వదిలారేమో అడుగుతారా? నేనడిగితే చెప్పరు, జరిమానా వేస్తాననుకుంటారు."

ఎవరిని ముందు అడగాలో అథోల్ ఆలోచించనక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే వాగు దగ్గరకు వెళ్ళి, అవతలి గట్టున కంచె బిగిస్తున్న నెవిల్‌ను కేకేశాడు. కేకలతోనే తన కథ చెప్పాడు. గొట్టం మింగిన భాగం కూడా దాచలేదు, ఎలాగూ గ్లెనిస్ ఊరంతా చెప్పేస్తుంది. పుండు ముల్లు పోటేనని మాత్రం ఇంకా చెప్పలేదు, అక్కడికి రాలేదు.

"నువ్వెప్పుడైనా కప్పను వదిలావా?" అని అడిగాడు.

నెవిల్ ఎగతాళి చేస్తాడనుకున్నాడు. నెవిల్ సుత్తి కింద పెట్టాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒకటి," అన్నాడు. "మీ దుకాణం వెనక నుంచే కొట్టేశాను. నువ్వు బంగాళాదుంపలు దించుతున్నావు. మా చెల్లెలికని జాడీలో పెట్టాను. చెల్లి భయపడి ఏడ్చింది. అందుకని..."

"ఎక్కడ?"

"ఇక్కడే. గొర్రెలు దాటే రేవులో." రేవు వైపు చెయ్యి చూపించాడు. "ఆ హాల్లో వాడు బొమ్మలు చూపించిన రాత్రి నుంచీ... ఒరే అథోల్, నాదేనంటావా?"

అథోల్ వెంటనే బదులివ్వలేదు. ఐదో తరగతి నుంచి పడ్డ ఎగతాళులకు ఈపాటి వడ్డీ ఎక్కువేం కాదనిపించింది. నెవిల్ మొహం చూశాక, ఆ ముచ్చట అరనిమిషం కూడా సాగించలేకపోయాడు.

"ఈ ఉదయం ఫోనొచ్చింది. బూజు లేదురా. రేవులోనూ లేదు, వంతెన కిందా లేదు. ఎప్పుడూ లేదట. నీ కప్పా కాదు, నా కప్పా కాదు."

నెవిల్ ఉన్నవాడు ఉన్నట్టే తడిగడ్డిలో కూలబడ్డాడు.

"కూర్చో, కూర్చో," అన్నాడు అథోల్ ఇవతలి గట్టు నుంచి. "నాకూ అలాగే అయింది. కాసేపటికి కాళ్ళు మళ్ళీ వస్తాయి."